పద్మిని స్లో నిలబడకపోతే: మిక్చర్ స్క్రూ దాకా వెళ్లే ముందు

మీ ప్రశ్న చదివాను. నాన్నగారి 1985 మోడల్ ప్రీమియర్ పద్మిని, కొన్నేళ్లు ఇంట్లో మూలనపడి ఈ మధ్యే రోడ్డెక్కింది. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టవుతోంది, వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది. మెకానిక్ స్లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం, పెంచాడు. దాంతో ఆగడం తగ్గింది గానీ ఇప్పుడు తాళం తీసినా ఇంజన్ నాలుగైదు సార్లు కొట్టుకుని గానీ ఆగడం లేదు. బండి చుట్టూ పెట్రోల్ వాసన. కార్బరేటర్ మీద పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా తేడా తెలియడం లేదు. అందుకని "అసలు ఆ స్క్రూ ఎన్ని చుట్లు వదలాలి?" అని అడిగారు. చివర్లో మీ బాబాయిగారి మారిస్ మైనర్‌కి కూడా ఇదే పద్ధతా అన్నారు.

ఒకటిన్నర చుట్టు. ఏ షెడ్డులో అడిగినా ఇదే చెబుతారు, తప్పేమీ కాదు. కానీ ఇప్పుడు మీకు అది పనికిరాదు. మీరు రాసినవాటిలో అసలు విషయం స్క్రూ తిప్పితే తేడా రావడం లేదన్నదే. అంటే స్లోలో మీ ఇంజన్ తాగే పెట్రోల్ ఆ స్క్రూ దారిలో రావడం లేదు, లేదా అంతకంటే ఎక్కువగా ఇంకో దారిలో వస్తోంది. ఆ దారి పట్టుకుని మూస్తే చుట్ల లెక్క దానంతటదే కుదురుతుంది. అది మూయకుండా స్క్రూ ఎంత తిప్పినా చెయ్యి నొప్పి తప్ప ఫలితం ఉండదు.

ముందు లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చెప్పే వరస ఎందుకో అర్థం కాదు. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించేది కార్బరేటర్, మీ బండిలో ఉండేది సోలెక్స్ రకం. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు కింద ఉన్న బటర్‌ఫ్లై, అంటే గాలి దారిని తెరిచి మూసే పలక, దాదాపు మూసుకుని ఉంటుంది. పైన గొంతులో గాలి వేగం చాలదు కాబట్టి మెయిన్ జెట్ దారిలో పెట్రోల్ రాదు (జెట్ అంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ముక్క). బటర్‌ఫ్లై కింద మాత్రం ఇంజన్ గట్టిగా పీలుస్తూ ఉంటుంది. ఆ పీల్పుకి పెట్రోల్ పైలట్ జెట్ గుండా వచ్చి, దారిలో కొంత గాలితో కలిసి నురగలా మారి, బటర్‌ఫ్లైకి కింది వైపున్న చిన్న రంధ్రంలోంచి బయటికొస్తుంది. ఆ రంధ్రాన్ని ఎంత తెరవాలో నిర్ణయించేదే మిక్చర్ స్క్రూ, దాని సూది మొన.

అదే దారి నుంచి ఇంకో ఒకటి రెండు సన్న రంధ్రాలు కూడా గొంతులోకి తెరుచుకుంటాయి. బటర్‌ఫ్లై మూసి ఉన్నప్పుడు దాని అంచు వీటికి సరిగ్గా కిందుగా ఉంటుంది, అంటే ఇంజన్ పీల్పు వీటికి తగలదు. మీరు యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కగానే అంచు వీటిని దాటుతుంది, అప్పుడు వీటిలోంచి కూడా పెట్రోల్ వస్తుంది. స్లో నుంచి మెయిన్ జెట్ అందుకునే దాకా బండి కుదుపు లేకుండా కదలడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ఇప్పుడు మీ మెకానిక్ చేసింది ఆలోచించండి. స్లో పెంచడానికి లింకు దగ్గరున్న స్పీడ్ స్క్రూ బిగించాడు. బటర్‌ఫ్లై ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉంది. ఆ సన్న రంధ్రాలు ఎప్పుడూ పెట్రోల్ పోస్తున్నాయి. వాటికి, మిక్చర్ స్క్రూ సూదికి సంబంధం లేదు. అందుకే స్క్రూ మాట వినడం లేదు. తాళం తీశాక ఇంజన్ కొట్టుకోవడానికీ కారణం చాలావరకు ఇదే. తెరిచి ఉన్న బటర్‌ఫ్లై దగ్గర మిశ్రమం లోపలికి పోతూనే ఉంటుంది, హెడ్‌లో ఎర్రగా కాలిన మసి దాన్ని స్పార్క్ లేకుండానే అంటిస్తుంది.

కాబట్టి మొదటి పరీక్ష ఇది. ఇంజన్ బాగా వేడెక్కాక, స్పీడ్ స్క్రూని ఆగిపోకుండా ఉండేంత వరకు వదలండి. తర్వాత మిక్చర్ స్క్రూని నెమ్మదిగా లోపలికి తిప్పుతూ వెళ్లండి. ఇంజన్ తడబడి ఆగిపోవాలి. పూర్తిగా లోపలికి వెళ్లినా ఇంజన్ నింపాదిగా తిరుగుతూనే ఉందంటే పెట్రోల్ వేరే చోటి నుంచి వస్తోందని తేలిపోయినట్టే. దీనికి ఉల్టా కూడా జరగొచ్చు. స్క్రూని వదిలేకొద్దీ ఇంజన్ బాగుపడుతూనే ఉండి, మూడు నాలుగు చుట్లు దాటినా ఇంకా కావాలంటుంటే, పెట్రోల్ చాలడం లేదు లేదా ఎక్కడో సందుల్లోంచి దొంగగాలి లాగుతోంది.

ఈ స్క్రూ ఎటు తిప్పితే ఏమవుతుందో కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే దీని మీద షెడ్డుల్లో బోలెడు గందరగోళం ఉంది. సోలెక్స్‌లో ఇది బటర్‌ఫ్లైకి ఇంజన్ వైపు ఉంటుంది. బిగిస్తే మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గుతుంది, పలచనవుతుంది. వదిలితే ఆ పాలు పెరిగి చిక్కబడుతుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బైకుల మీద చెయ్యి తిరిగిన కుర్రాడికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఆ మికుని కార్బరేటర్లో స్క్రూ ఎయిర్ క్లీనర్ వైపు ఉండి గాలిని మాత్రమే కట్టడి చేస్తుంది, కాబట్టి బిగిస్తే చిక్కబడుతుంది. ఎవరి చేతికిచ్చినా ముందు ఈ ఒక్క ముక్క అడిగి చూడండి.

ఇక వేరే దారులు. మీ లక్షణాలు చూస్తే నేను మొదట అనుమానించేది చోక్. చోక్ అంటాం గానీ, ఈ సోలెక్స్‌లో గాలి దారిని మూసే పలక ఉండదు. కార్బరేటర్ పక్కన చిన్న గదిలో ఒక డిస్క్ ఉంటుంది. డాష్‌బోర్డు మీది నాబ్ లాగితే అది తిరిగి, తన సొంత జెట్ నుంచి అదనపు పెట్రోల్ వదులుతుంది. నాబ్ లోపలికి తోశాక ఆ డిస్క్ పూర్తిగా మూసుకోవాలి. కేబుల్ తుప్పుపట్టి గానీ, బిగింపు సరిగా లేక గానీ డిస్క్ రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే, చోక్ సగం వేసి నడుపుతున్నట్టే. చల్లటి ఇంజన్‌కి అది హాయి, అందుకే పొద్దున్నే మీ బండి బాగా స్టార్టవుతోంది. వేడెక్కాక అదే పెట్రోల్ ఎక్కువై ఊపిరాడదు. చూడటం సులువు. కార్బరేటర్ దగ్గర కేబుల్‌ని పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులు చేసి, లివర్‌ని వేలితో మూసే వైపు నెట్టండి. కేబుల్ ఉన్నప్పటి కంటే కొంచెమైనా ముందుకు వెళ్లిందంటే దొంగ దొరికినట్టే. లివర్ పూర్తిగా మూసి ఉంచి, నాబ్‌ని లోపలికి దాదాపు చివరిదాకా తోసి, అప్పుడు కేబుల్ బిగించండి. పాత డిస్క్‌లకి ముఖం మీద గీతలు పడి, మూసినా కారుతుంటాయి. అలాంటప్పుడు మందపాటి అద్దం ముక్క మీద కొంచెం మెటల్ పాలిష్ వేసి గుండ్రంగా రుద్దితే చాలావరకు సర్దుకుంటుంది. మూత విప్పేటప్పుడు డిస్క్ ఏ వైపు ఉందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, తిరగేసి పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది ఫ్లోట్ మట్టం, అంటే కార్బరేటర్ గదిలో పెట్రోల్ ఎంత ఎత్తున నిలుస్తుందన్నది. పెట్రోల్ వాసన అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. పైమూతలో నీడిల్ వాల్వ్ ఉంటుంది, పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ పైకి లేచి దాన్ని మూస్తుంది. వాల్వ్ సీటు కింద ఒక వాషర్. మందపాటి వాషర్ వేస్తే వాల్వ్ కిందికి దిగుతుంది, ఫ్లోట్ తొందరగా మూసేస్తుంది, మట్టం తగ్గుతుంది. పలచటిది వేస్తే మట్టం పెరుగుతుంది. బజార్లో దొరికే రిపేర్ కిట్లలో ఈ వాషర్ మందం ఒక్కో ప్యాకెట్టులో ఒక్కోలా ఉంటుంది. కొత్త కిట్ వేశాకే ఇబ్బంది మొదలైన బళ్లు నేను చాలా చూశాను. పాత వాషర్ పారేయకండి, కొత్తదాని పక్కన పెట్టి మందం పోల్చండి. బండి వేడిగా ఉన్నప్పుడు ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, టార్చి వేసి గొంతులోకి చూడండి. మధ్యలో ఉన్న నాజిల్ నుంచి చుక్కలు పడుతుంటే నీడిల్ కారుతోంది, లేదా మట్టం ఎక్కువుంది, లేదా ఫ్లోట్ గదిలో పెట్రోల్ మరుగుతోంది. ఇంజన్ ఆపిన వెంటనే చుక్క మొదలైతే మొదటి రెండింటిలో ఒకటి. నాలుగైదు నిమిషాలాగి మొదలైతే మరగడం. ఈ పని చేసేటప్పుడు సిగరెట్టు, అగరొత్తి, ఏదీ దగ్గర ఉండకూడదు. చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి.

మరగడం మన ఎండల్లో మామూలే. కార్బరేటర్‌కి, కింది ఫ్లాంజ్‌కి మధ్య బేకలైట్ ఇన్సులేటర్ ముక్క ఉండాలి, వేడి పైకి ఎక్కకుండా. ఎవరో ఎప్పుడో విప్పినప్పుడు అది పగిలితే రెండు కాగితం ప్యాకింగులు వేసి బిగించేస్తుంటారు. మీ బండికి అది ఉందో లేదో చూడండి. ఏప్రిల్, మే నెలల్లో పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసే పాత అలవాటు మన డ్రైవర్లు ఊరికే చేసుకున్నది కాదు.

మూడోది పైలట్ జెట్. కొన్నేళ్లు నిలబడిన బండి అంటున్నారు కాబట్టి ఇందులో జిగురు కచ్చితంగా ఉంటుంది. పాత పెట్రోల్ ఆరిపోతే లోపల గోధుమరంగు పూత మిగులుతుంది, గోరుతో గీకితే వార్నిష్‌లా పొరలు లేస్తుంది. జెట్ మీద అంకె ఉంటుంది, 50 అంటే రంధ్రం 0.50 మిల్లీమీటర్లు. దాన్ని వెలుతురుకి ఎత్తి చూడండి. గుండ్రంగా, అంచులు పదునుగా, ఒక చుక్క వెలుగు కనిపించాలి. చందమామలా ఒక పక్క నలుపు ఉంటే అది జిగురే. క్లీనర్లో నానబెట్టి గాలి కొట్టండి. గుండుసూది, రాగి తీగ, స్టవ్ పిన్ను మాత్రం పెట్టనివ్వకండి. 0.50 రంధ్రం 0.55 అయితే చూడటానికి ఏమీ కాదు, కానీ వైశాల్యం 21 శాతం పెరిగిపోతుంది. ఇక ఆ జెట్‌తో మిక్చర్ ఎప్పటికీ కుదరదు, కొత్తది కొనాల్సిందే. తిరిగి పెట్టేటప్పుడు సీటులో గట్టిగా కూర్చుందో లేదో చూసుకోండి. వదులుగా ఉంటే జెట్‌లోంచి కాకుండా చుట్టూ కూడా పెట్రోల్ పోతుంది.

జెట్ విప్పినప్పుడే మిక్చర్ స్క్రూని కూడా పూర్తిగా బయటికి తీసి మొన చూడండి. ఈ పని ఎవరూ చేయరు, కానీ చేస్తే చాలా తెలుస్తుంది. భూతద్దం ఉంటే మంచిది. మొన నున్నగా, సన్నగా, సమంగా దిగిపోవాలి. ఎప్పుడో ఎవరో చివరిదాకా గట్టిగా బిగించి ఉంటే, మొన చుట్టూ ఉంగరంలా ఒక గాడి పడి ఉంటుంది. ఆ గాడి వల్ల స్క్రూ సగం చుట్టు దాకా ఏమీ చేయదు, తర్వాత ఒక్క పిసరు తిప్పగానే ఇంజన్ గంతేస్తుంది. మొన ఒక పక్కకి వంగి ఉన్నా ఇంతే. స్క్రూ మార్చడం చవకే. కానీ గట్టిగా బిగించినవాడు బాడీలోని రంధ్రాన్ని కూడా వెడల్పు చేసి ఉంటే, కొత్త స్క్రూ కూడా కొంతవరకే పనికొస్తుంది. అందుకే చెప్పేది: లోపలికి తిప్పేటప్పుడు స్క్రూడ్రైవర్‌ని రెండు వేళ్లతోనే పట్టుకోండి, తగిలిందని అనిపించగానే ఆపండి. స్క్రూ మీది స్ప్రింగ్ కూడా బిగువుగా ఉండాలి, లేకపోతే గతుకుల రోడ్డు మీద అదే తిరిగిపోతుంది.

నాలుగోది దొంగగాలి. సోలెక్స్‌లో ఎక్కువగా అరిగేది బటర్‌ఫ్లై ఇరుసు. లివర్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, లటలటా ఊగితే ఇరుసు చుట్టూ గాలి లోపలికి పోతోంది. కొందరు ఇంజన్ తిరుగుతుండగా అక్కడ కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు. వేడి ఇంజన్ మీద అది నాకు ఇష్టం లేదు. నేనైతే ఇరుసు రెండు చివరలా దట్టంగా గ్రీజు పూస్తాను. స్లో వెంటనే మారితే లీకు అక్కడే. ఫ్లాంజ్ ప్యాకింగ్ అంచులకి కూడా ఇలాగే చేయొచ్చు. దీనికి మందు లేత్ పనే. బాడీ రంధ్రాన్ని పెద్దది చేసి ఇత్తడి బుష్ వేయించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట చెయ్యి తిరిగిన టర్నర్లు ఇంకా ఉన్నారు. బుష్ వేయించాక బటర్‌ఫ్లై పలకని బిగించేటప్పుడు దాన్ని మూసి ఉంచి, తనంతట తాను మధ్యకి కూర్చున్నాకే స్క్రూలు బిగించమనండి. "ఇదంతా ఎందుకు సార్, వేరే కారు కార్బరేటర్ ఉంది, అడాప్టర్ వేసి పెట్టేద్దాం" అనేవాళ్లు ఉంటారు. మీ ఇష్టం. నేనైతే సోలెక్స్‌నే బాగుచేయిస్తాను, ఈ ఇంజన్‌కి జెట్లన్నీ దాని మీదే లెక్కేసి పెట్టారు.

కార్బరేటర్ జోలికి వెళ్లకముందే ఇంకో పని పూర్తయి ఉండాలి. ట్యాపెట్లు (వాల్వుల సందు), డెల్కో (డిస్ట్రిబ్యూటర్) పాయింట్లు, ప్లగ్గులు, స్పార్క్ టైమింగ్. స్లో నిలబడని బళ్లలో సగం వాటికి జబ్బు కార్బరేటర్‌లో ఉండదు. పాయింట్ గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్ గ్యాప్ సుమారు 0.6. ట్యాపెట్లు మీ మాన్యువల్‌లో ఉన్నంత. డెల్కో షాఫ్ట్‌కి ఆట ఉంటే పాయింట్ గ్యాప్ ప్రతి లోబ్ దగ్గరా మారిపోతుంది, స్లో ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. అది ఇగ్నిషన్ జబ్బు, మిక్చర్ స్క్రూతో పోదు. సైలెన్సర్ చివర ఒక కాగితం ముక్క వేలాడదీసి చూడండి. సమంగా బయటికి ఎగురుతుండాలి. ఉండుండి ఒకసారి లోపలికి పీల్చుకుంటుంటే ఏదో సిలిండర్ తప్పుతోంది, లేదా ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా కూర్చోవడం లేదు. ముందు అది చూడాలి.

ఇవన్నీ అయ్యాక సెట్టింగ్ అరగంట పని కూడా కాదు.

బండిని పావుగంట, ఇరవై నిమిషాలు తిప్పి తీసుకురండి. రేడియేటర్ వేడెక్కితే చాలదు, ఆయిల్ కూడా వేడెక్కాలి. ఆరుబయటే పెట్టండి, మూసిన షెడ్డులో పొగ ప్రమాదం. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, లైట్లు ఆఫ్, చోక్ పూర్తిగా లోపల. ఎయిర్ క్లీనర్ బిగించే ఉండాలి, అది తీసి సెట్ చేస్తే పెట్టాక మళ్లీ మారిపోతుంది. మిక్చర్ స్క్రూ తగిలేదాకా తిప్పి ఒకటిన్నర చుట్టు వదలండి. ఇప్పుడు ఆ అంకెకి అర్థం ఉంది, అది మొదలుపెట్టే చోటు. స్పీడ్ స్క్రూతో ఇంజన్‌ని 800 దగ్గర పెట్టండి. పద్మినిలో ఆర్‌పీఎం మీటర్ ఉండదు కదా అంటారేమో. ఫోన్లో శబ్దం ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ ఏదైనా వేసుకుని సైలెన్సర్ దగ్గర పెట్టండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకి రెండు సార్లు పేలుతుంది. 750 ఆర్‌పీఎం అంటే సెకనుకి 25 పేలుళ్లు, యాప్‌లో 25 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం లేస్తుంది. 27 దగ్గర ఉంటే 800 పైమాటే. మామూలు మీటర్ల కంటే ఇది నాకు నమ్మకంగా పనిచేసింది.

ఇప్పుడు మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున వదలండి. ప్రతిసారి పది సెకన్లు ఆగండి, ఈ దారి నెమ్మదిగా స్పందిస్తుంది. తొందరపడితే నిన్నటి మాటకి ఇవాళ జవాబు విన్నట్టు ఉంటుంది. కొంతదూరం వెళ్లాక ఇంజన్ బరువెక్కుతుంది, ఒక లయలో పెరుగుతూ తగ్గుతూ గునుస్తుంది, సైలెన్సర్ దగ్గర నిలబడితే కళ్లు మండుతాయి. అది చిక్కదనం హద్దు. ఆ చోటు గుర్తుపెట్టుకుని ఇప్పుడు బిగిస్తూ రండి. ఇంజన్ తేలికపడి వేగం పెరుగుతుంది, కాసేపు అలాగే ఉండి తర్వాత పడిపోవడం మొదలుపెడుతుంది. సైలెన్సర్లో అప్పుడప్పుడు టప్ మని చిన్న చప్పుడు, ఉండుండి ఒక దెబ్బ తప్పడం. అది పలచదనం హద్దు. ఈ రెండింటి మధ్య ఇంజన్ అన్నిటికంటే వేగంగా, నున్నగా తిరిగే చోటు ఒకటుంటుంది. అక్కడ ఆపండి.

అక్కడ ఆపగానే వేగం 800 దాటిపోతుంది. స్పీడ్ స్క్రూతో మళ్లీ 800కి దించండి. బటర్‌ఫ్లై కదిలింది కాబట్టి మిక్చర్ మళ్లీ కొంచెం మారింది. కాబట్టి మిక్చర్ స్క్రూతో ఇంకోసారి ఆ వేగం శిఖరం వెతకండి, మళ్లీ స్పీడ్ దించండి. రెండు మూడు విడతల్లో స్పీడ్ స్క్రూ కదిలించే అవసరం లేని స్థితి వస్తుంది. మధ్యలో ప్రతి రెండు నిమిషాలకీ ఒకసారి రేస్ ఇచ్చి వదలండి, ప్లగ్గుల మీద మసి పేరుకోకుండా. ఆఖర్న మిక్చర్ స్క్రూని అరపావు చుట్టు వదలండి, అంటే చిక్కదనం వైపు. శిఖరం మీదే వదిలేస్తే మధ్యాహ్నం ఎండలో ట్రాఫిక్‌లో పలచబడి ఆగుతుంది. ఆ కొంచెం మార్జిన్‌తో టెన్షన్ ఉండదు.

అన్నీ సరిగ్గా ఉంటే స్క్రూ ఒకటి నుంచి రెండు చుట్ల మధ్య ఎక్కడో నిలుస్తుంది. రెండున్నర, మూడు దాటి నిలిచిందంటే ఇంకా ఏదో మిగిలే ఉంది. దీనికి ఇప్పుడొక కొత్త కారణం కూడా చేరింది, పెట్రోల్. మీ నాన్నగారు ఈ బండి కొన్న రోజుల్లోని పెట్రోల్ కాదు ఇప్పుడు బంకుల్లో పోసేది. అప్పట్లో సీసం ఉండేది, 2000 నుంచి అది దేశమంతా పోయింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. మామూలు పెట్రోల్ కిలో పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి. 20 శాతం కలిపితే సుమారు 13.5. అంటే అదే జెట్, అదే చుట్లు పెట్టినా ఇంజన్‌కి మిశ్రమం పలచగా అందుతుంది. పాత సెట్టింగ్ కంటే పావు, అర చుట్టు ఎక్కువ వదలాల్సి రావడం ఇప్పుడు మామూలే. అదీ చాలకపోతే పైలట్ జెట్ ఒక సైజు పెంచడం న్యాయమైన మార్గం, అదీ పై లీకులన్నీ లేవని తేలాకే.

ఇథనాల్ ట్యాంకులోని పాత తుప్పునీ, జిగురునీ కూడా కదిలిస్తుంది. శుభ్రం చేసిన పైలట్ జెట్ రెండు వారాల్లో మళ్లీ మూసుకుందంటే దోషం ట్యాంకుదే. పంపుకి ముందు పారదర్శకంగా ఉండే చిన్న ఫిల్టర్ వేయండి, తుప్పు కంటికి కనిపిస్తుంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి పగులుతాయి. ఎస్‌ఏఈ జె30ఆర్9 అని అచ్చేసి ఉన్న హోస్ అడగండి, మామూలు దానికంటే ఖరీదే గానీ ఇంజన్ పక్కన పెట్రోల్ కారే గొట్టం కంటే చవకే. బండి రెండు మూడు వారాలు కదలదనుకుంటే పంపు గొట్టం విప్పి, ఫ్లోట్ గదిలో ఉన్న పెట్రోల్ అయిపోయేదాకా స్టార్ట్ చేసి వదిలేయడం మేలు.

ఇదంతా హైదరాబాద్ ఎత్తు వల్లేనని కూడా మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో గాలి కొంచెం పలచన, కాబట్టి కోస్తాలో సెట్ చేసిన కార్బరేటర్ ఇక్కడ ఒక పిసరు చిక్కగా నడుస్తుంది. అరపావు చుట్టు తేడా. బండి ఆగిపోయేంత తేడా కాదు, దాని మీద పెట్టొద్దు.

చెవి మీద నమ్మకం లేకపోతే పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోటికి వెళ్లండి. 2000కి ముందు బళ్లకి స్లోలో కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం. ఆ అబ్బాయికి పదో పరకో ఎక్కువిచ్చి, గొట్టం ఐదు నిమిషాలు సైలెన్సర్లో ఉంచమనండి. మీరు స్క్రూ తిప్పుతుంటే అంకెలు కదులుతాయి. మోనాక్సైడ్ 2 నుంచి 3 మధ్య ఉండి, హైడ్రోకార్బన్లు తక్కువగా ఉండే చోటు మీ చెవి చెప్పిన చోటికి దగ్గర్లోనే ఉంటుంది. మోనాక్సైడ్ బాగా తగ్గి హైడ్రోకార్బన్లు మాత్రం పైకి పోతుంటే అది పలచదనం వల్ల దెబ్బలు తప్పుతున్న గుర్తు. రెండూ పైనే ఉంటే మళ్లీ చోక్ డిస్క్, ఫ్లోట్ దగ్గరికి వెళ్లాలి.

ఇంకొకటి. స్లో మిక్చర్ సరిచేస్తే హైవే మైలేజీ పెరుగుతుందని ఆశపెట్టుకోకండి. అరవైలో వెళ్లేటప్పుడు పని చేసేది మెయిన్ జెట్, ఈ స్క్రూ వాటా నామమాత్రం. ఊళ్లో, సిగ్నళ్ల మధ్య మాత్రం తేడా కనిపిస్తుంది.

మారిస్ మైనర్ సంగతి వేరు. పాత మారిస్ బళ్లకి ఎస్‌యూ కార్బరేటర్ ఉంటుంది, దానికి పైలట్ జెట్టే లేదు. ఒకే జెట్, అందులో దిగే ఒక సూది, స్లో నుంచి ఫుల్ స్పీడ్ దాకా అదే. కాబట్టి అక్కడ మిక్చర్ మారిస్తే మొత్తం నడక మారుతుంది, మైలేజీతో సహా. కార్బరేటర్ అడుగున జెట్ కింద ఆరు పలకల నట్ ఉంటుంది. దాన్ని పైకి బిగిస్తే పలచన, కిందికి దింపితే చిక్కన. ఒకసారికి ఒక్క పలకే తిప్పాలి. వేడి ఇంజన్ స్లోలో ఉండగా కార్బరేటర్ లోపలి పిస్టన్‌ని (ఆ సూది దీనికే ఉంటుంది) పక్కనున్న పిన్నుతో ఒక మిల్లీమీటర్‌కి తక్కువే ఎత్తి చూడాలి, పిన్ను లేని మోడల్ అయితే సన్న స్క్రూడ్రైవర్‌తో. వేగం పెరిగి అలాగే ఉంటే చిక్కగా ఉంది, ఇంజన్ ఆగబోతే పలచగా ఉంది, ఒక్క క్షణం కొంచెం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉంది. అంతకుముందు కార్బరేటర్ పైన ఉన్న ఇత్తడి మూత విప్పి లోపల నూనె ఉందో లేదో చూడమని బాబాయిగారికి చెప్పండి. 20 గ్రేడు ఇంజన్ ఆయిల్ పోస్తే చాలు. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి దగ్గుతుంది, జనం అది కూడా మిక్చర్ అనుకుని నట్ తిప్పుతుంటారు.